నాగాయలంకలో బొమ్మల కొలువు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి, మధ్యనున్న నేలను ఒడిలో పెట్టుకుని సముద్రంలోకి దిగుతుంది. ఆ నేలకే దివిసీమ అని పేరు. ఆ సీమకు దాదాపు చిట్టచివర, బస్సులు చాలావరకు తిరుగుముఖం పట్టే చోట, నాగాయలంక వున్నది. ఊరు దాటితే ఏరు, ఏరు దాటితే ఎదురుమొండి దీవులు, ఆ తరువాత మడ అడవులు, అటుపైన బంగాళాఖాతమే.

నాగాయలంక వెళ్ళేవారు సామాన్యంగా మూడు పనులమీద వెళతారు. రొయ్యల బేరానికి వెళ్ళేవారు ఎక్కువ. శ్రీరామపాద క్షేత్రం దగ్గర రేవులో స్నానానికి వెళ్ళేవారు కొందరు. పడవెక్కి సముద్రపు మొగ చూసి వద్దామని వెళ్ళే కుర్రకారు మరికొందరు. నేను నాలుగో పనిమీద వెళ్ళాను. అక్కడ ఒక టిఫిను హోటల్లో గోడలనిండా బొమ్మలు పెట్టారనీ, వాటికింద ధరలు రాసిన చీటీలు అంటించారనీ, ఇడ్లీ తింటూ చిత్రకళ చూడవచ్చుననీ బందరులో ఒక మిత్రుడు చెప్పాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడుగాని, నాకు మాత్రం వెళ్ళి చూడాలనిపించింది.

నిజానికి ఈ ప్రాంతంలో బొమ్మకూ బేరానికీ పొత్తు నిన్నా మొన్నా కలిసింది కాదు. బందరు పేరు చెబితే దేశదేశాల్లో ఒకప్పుడు గుర్తుకొచ్చినది అద్దకం గుడ్డ. 1605 ప్రాంతాల డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ ఓడలు దిగి ఇక్కడ కొట్లు పెట్టుకున్నారంటే అందుకు ముఖ్యకారణాలలో ఈ గుడ్డ ఒకటి. తూర్పు దీవుల్లో మిరియాలు, జాపత్రి, లవంగాలు కొనాలంటే అక్కడివారికి వెండికంటె మన గుడ్డలమీదే మోజెక్కువ. కనుక ఇక్కడ గుడ్డ కొని, అక్కడ దినుసు కొని, ఇంటికి పోయి లాభం లెక్క పెట్టుకునేవారు. ఆ గుడ్డమీది బొమ్మ కొనేవాడిని బట్టి మారేది. పారశీకుడికి ఒక తీగె, మలయా దీవులవాడికి ఒక అంచు, ఐరోపా దొరసానికి తెల్లని నేలమీద వంకర తిరిగిన పూలచెట్టు. ఫలానా రకం కావాలని మాదిరులు ఓడలో వచ్చేవి. మన అద్దకంవాడు తన జన్మలో చూడని పువ్వును, చూడని దేశంకోసం, చూసినట్టే వేసి ఇచ్చేవాడు. చివరకు ఆ గుడ్డలకు గిరాకీ ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నవని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటిమీద నిషేధాలు పెట్టవలసి వచ్చింది. నేడు అవే గుడ్డలు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనుక వున్నవి. పరుపుమీద పరుచుకోవడానికి కొన్నదాన్ని పరువుగా గోడకెక్కించడానికి వారికి రెండు మూడు వందల ఏళ్ళు పట్టింది.

బందరునుంచి ఒక అడుగు ఇవతల పెడనలో ఆ పని ఇంకా సాగుతున్నది. గుడ్డను కరక్కాయ కషాయంలో, గేదెపాలల్లో ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు లేకపోతే రంగు గుడ్డమీద పాకిపోతుంది. కరక్కాయ లేకపోతే అసలు పట్టనే పట్టదు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం కలిపి నీళ్ళలో రోజుల తరబడి మాగబెడితే వచ్చే కసిం నీళ్ళు అచ్చుకు తగిలి గుడ్డమీద పడేసరికి నల్లనవుతవి. ఎరుపు కావలసినచోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఏమీ కనిపించదు. పారే నీళ్ళలో జాడించి, వేళ్ళూ ఆకులూ వేసిన కాగులో ఉడకబెట్టినప్పుడు, పటిక వున్నంతమేరా ఎరుపు తేలుతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుది. కృష్ణ ముఖద్వారపు ఇసుకనేలల్లో, గుల్ల కలిసిన మట్టిలో పెరిగిన చిరివేరు ఇచ్చే ఎరుపు మరెక్కడి వేరూ ఇవ్వదని ఆనాటి వర్తకులు రాసుకున్నారు. టేకు అచ్చులు చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు, ఉడకబెట్టేవారు వేరు. అమ్మేవాడు మాత్రం ఒక్కడే. ఆయన దుకాణంలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, దుప్పటి తరువాత దుప్పటి మన ముందు విప్పి పరుస్తాడు. ఇరవై పరిచేసరికి గది పొదరిల్లవుతుంది. టిక్కెట్టు లేదు, ప్రారంభోత్సవం లేదు, ఉపన్యాసం అంతకన్నా లేదు. కొనకుండా లేస్తే మాత్రం మనకే సిగ్గుగా వుంటుంది.

పోతే, బొమ్మను బొమ్మగానే చూడమని నేర్పిన బడి కూడా బందరులోనే పుట్టింది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. అందులో మగ్గం, వడ్రంగం మొదలైన చేతిపనులతోపాటు చిత్రలేఖనానికీ చోటిచ్చారు. వంగదేశంనుంచి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చి అక్కడ పాఠం చెప్పాడు. అడివి బాపిరాజుగారు ఆయన దగ్గర కుంచె పట్టుకున్నవారే. తరువాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా వచ్చారు. ఇక పట్టాభిగారున్నారే, ఆయన 1923లో అదే బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషి. ఒక చేత్తో బొమ్మల బడి, మరొక చేత్తో డబ్బుల కొట్టు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, దాని పాత క్యాలెండరు ఒకటి రెండు ఇళ్ళల్లో మేకుకు వేలాడుతుండగా ఈ ప్రయాణంలోనే చూశాను. తేదీలు చెల్లిపోయినా బొమ్మ చెల్లలేదన్నమాట.

క్యాలెండరు మాట వచ్చింది గనుక ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. మన దేశంలో సామాన్యుడు చిత్రకళను చూసినది మ్యూజియంలో కాదు, కిరాణా కొట్టులో. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో ముద్రించేసరికి, రాజుల మేడల్లో వుండవలసిన పటాలు చింతపండు బస్తాల పైకి వచ్చినవి. తరువాత కోవిల్‌పట్టిలో స్థిరపడిన కొండయ్యరాజు, ఆయన శిష్యులు వేసిన దేవుళ్ళు శివకాశి అచ్చుల్లో దక్షిణాదిన ప్రతి కొట్టుకూ చేరారు. వారి పేరు ఎవరికీ తెలియదు. బొమ్మకింద పెద్ద అక్షరాలతో వున్నది కొట్టు పేరే. దీనికి కళాపోషకులు ముక్కు విరుస్తారు. నాకు మాత్రం, రోజూ వంద కళ్ళు పడే బొమ్మ ఏడాదికి ఒక్కసారి తలుపు తెరిచే హాల్లోని బొమ్మకంటె తక్కువదని ఒప్పుకోవడానికి మనసు రాదు.

బందరులో ఉదయం బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకున్న జనం సగం బస్సు ఖాళీ చేశారు. పులిగడ్డ దగ్గర ఏటిమీదుగా కాలువ పోతుంది. కింద ఏరు, పైన కాలువ, నీటిమీద నీరు నడిచే ఆ అక్విడక్టు చూడటానికి బస్సులోని పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. అవనిగడ్డ దాటాక వరిచేలు పలచబడి, చెరువుల గట్లు మొదలవుతవి. చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతుంటవి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. తాటిచెట్లు ఒకవైపుకు ఒరిగి వుంటవి.

నాగాయలంక రేవు ఉదయంపూట చూడవలసిందే. అవతలి దీవులనుంచి పాలక్యాన్లు, బడిపిల్లలు, పీతల బుట్టలు, మోటారు సైకిళ్ళు అన్నీ ఒకే పంటుమీద వస్తవి. పడవల ముక్కులమీద పేర్లు రాసి వున్నవి. కొన్నిటిమీద దేవతల పేర్లు, కొన్నిటిమీద కూతుళ్ళ పేర్లు. ఒకే చేతి రాత అని ఎవరైనా పోల్చగలరు: ‘శ్రీ’ గుడిదీర్ఘం చివర కొంచెం పైకెత్తి, ఈదే చేపతోకలాగ తిప్పటం ఆ చేతికి అలవాటు.

ఆ చేతి మనిషినే నేను చూడవచ్చింది.

హోటలు బస్టాండుకూ రేవుకూ మధ్యన వున్నది. ముందు తాటాకు పందిరి, లోపల పది బల్లలు, వెనుక వంటిల్లు. గల్లాపెట్టె మీద వెంకటేశ్వరస్వామి పటం, దానిపక్క యజమాని తండ్రిగారి ఫొటో, దండ. మిగిలిన మూడు గోడలమీద పన్నెండు బొమ్మలు. పడవలు, వలలు ఆరేసిన గుంజలు, సంధ్యవేళ కృష్ణ, పీతలబుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి, హంసలదీవి దగ్గర ఏరూ సముద్రమూ కలిసే చోట రెండు రంగుల నీళ్ళు, బల్లకట్టుమీద ఎద్దు. ప్రతి బొమ్మకూ కింద చీటీ, చీటీమీద ధర. ఎనిమిది వందలనుంచి మూడు వేలదాకా.

నేను పెసరట్టు చెప్పి, బల్ల బల్లకూ తిరిగి చూడటం మొదలుపెట్టాను. అది అక్కడ అందరికీ అలవాటైన వ్యవహారమేనట; ఒకాయన తన ప్లేటు ఇవతలకు జరుపుకుని, “చూసుకోండి, చూసుకోండి, నా ఎనక రెండున్నాయి,” అని లేచి చోటిచ్చాడు.

బొమ్మలు గొప్పవా అంటే, అన్నీ కావు. మనుషుల చేతులు కొంచెం బిగుసుకుని వుంటవి. ఎద్దుకు కాళ్ళు సరిపోలేదు. కాని నీళ్ళు! ఏటినీరు ఒక తీరుగా, చెరువునీరు ఒక తీరుగా, మొగదగ్గర ఆటుపోటుల నీరు మరొక తీరుగా వేశాడు. నీటిని ఎదురుగా పెట్టుకుని అరవై ఏళ్ళు బతికినవాడు వేసిన నీళ్ళు అవి. ఈ విషయంలో పట్నంలో చదువుకున్న పెద్ద చిత్రకారులు కొందరు ఈయన దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు.

పది గంటలవేళ ఆర్టిస్టుగారు వచ్చారు. సన్నటి మనిషి, చొక్కాజేబులో రెండు కుంచెలు. యజమాని నలభై ఏళ్ళవాడు. ఆయన్ను “బాబాయ్” అంటాడు, ఆయన ఇతన్ని “అబ్బాయ్” అంటాడు. చుట్టరికమేమీ లేదు. ఇతని తండ్రి హోటలుకు మొట్టమొదటి బోర్డు రాసింది ఆయనేనట.

“బోర్డులు రాసేవాణ్ణండి,” అన్నారాయన నా ఎదుట కూర్చుంటూ. “ఈ చుట్టుపక్కల కొట్లు, సినిమాలు, ఎలక్షన్లు, పెళ్ళిపందిళ్ళు, పడవలు, అన్నీ నాయే. ఎలక్షనొస్తే మూణ్ణెల్లు అన్నం తినటానికి తీరికుండేది కాదు. ఫ్లెక్సీలొచ్చాయండి. మిషను గంటలో కొట్టి పారేస్తది. నేను మూడు రోజులు రాయాలి. ఎవరు ఆగుతారు చెప్పండి?”

ఇది ఆయన ఒక్కడి గొడవ కాదు. గత పాతికేళ్ళలో ఫ్లెక్సీ మిషను పెట్టని పట్టణం లేదు. దాని దెబ్బకు కుంచె వదిలిపెట్టని బోర్డు ఆర్టిస్టూ అరుదు. కొందరు ఆటో నడుపుతున్నారు, కొందరు ఆ ఫ్లెక్సీ కొట్టులోనే కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెలుగు అక్షరానికి ఒక్కో ఊళ్ళో ఒక్కో ఒంపు వుండేది. అన్ని ఊళ్ళ బోర్డులూ ఇప్పుడు ఒకే అచ్చులో వుంటున్నవి. పడవలుమాత్రం ఆయనకు మిగిలినవి. పడవకు ఫ్లెక్సీ అంటుకోదు.

పని పోయినాక కొట్లవారు పీకి పారేసిన పాత బోర్డులు ఆయన ఇంటికి చేరినవట. మంచి ప్లైవుడ్డు. పారేయబుద్ధి కాక వాటి వెనుకవైపు బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. రంగులు కూడా బోర్డుల రంగులే, ఎనామిలు. కాగితంమీద నీటిరంగులు వేస్తే ఈ ఉప్పుగాలికి మూడు నెలల్లో బూజు పడుతుంది; అద్దం వేయిస్తే అద్దానికి లోపలినుంచి చెమట పడుతుంది. ఎనామిలుకు ఆ బాధ లేదు. నూనెపొగ పట్టినా తడిగుడ్డపెట్టి తుడిస్తే పోతుంది. హోటల్లో పెట్టే బొమ్మకు ఇంతకంటె తగిన రంగు ఏ కళాశాలవారూ చెప్పలేరు.

“ఈయన బొమ్మలు ఇక్కడ పెట్టుకుంటానంటే సరేనన్నాను,” అన్నాడు యజమాని గల్లాదగ్గరనుంచే. “గోడకు సున్నం ఖర్చు తప్పుద్దిగా. నాకు కమీషనొద్దు. మేకులు మాత్రం ఆయనే తెచ్చుకోవాలి, నేను కొట్టిన చోటే కొట్టాలి. పొయ్యివైపు గోడ ఇవ్వను, చేతులు కడుక్కునే చోట ఇవ్వను. పోతే నాకు పూచీ లేదు.”

పట్నాల్లో గ్యాలరీవారు అమ్మిన బొమ్మమీద మూడోవంతు, ఒక్కోచోట సగం తీసుకుంటారు. ఆ లెక్కన నాగాయలంక ఒప్పందం ధర్మమైనదే. లిఖితపూర్వకంగా ఏమీ లేదు. ఎవరైనా కొంటే డబ్బు గల్లాలో వేస్తాడు, సాయంత్రం బాబాయ్ వచ్చి తీసుకుపోతాడు.

హోటల్లో బొమ్మలు పెట్టడం చిన్నతనమనుకునేవారుంటే వారికొక ముక్క చెప్పాలి. 1887లో పారిస్ నగరంలో, క్లిషీ వీధిలో, కూలీనాలీ భోజనం చేసే ఒక పెద్ద పూటకూళ్ళ హోటలు గోడలకు ఒక చిత్రకారుడు తనవీ, తన స్నేహితులవీ బొమ్మలు తెచ్చి తగిలించాడు. ఆయన పేరు వాన్ గో. స్నేహితుల్లో ఒకరిద్దరి బొమ్మలు అమ్ముడు పోయినవి, ఆయనవి పోలేదు. కొన్నాళ్ళకు యజమానికీ ఆయనకూ మాటామాటా వచ్చి, బొమ్మలన్నీ ఊడబీక్కుని వెళ్ళిపోయాడు. మన దేశంలో అయితే అహమ్మదాబాదులో సమాధుల మధ్య బల్లలు వేసి టీ అమ్మే లక్కీ హోటలుకు ఎం.ఎఫ్. హుసేన్ 1994లో స్వయంగా బొమ్మ వేసి ఇచ్చాడు. అది అక్కడ గోడమీదే వున్నది. ఆ హుసేన్ కూడా మొదట సినిమా బోర్డులు రాసి పొట్ట పోసుకున్నవాడే. అంతదూరం దేనికి, మన గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు లండను స్లేడ్ స్కూలుకు వెళ్ళి, షికాగోలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. గుడివాడకూ నాగాయలంకకూ మధ్య దూరం రెండు బస్సులు మాత్రమే. ఆర్టిస్టుగారితో ఈ మాట అంటే, “ఆయన బస్సు దిగలేదండి, నేను ఎక్కలేదు,” అని నవ్వేశారు.

ఏవి అమ్ముడు పోతవని అడిగాను. సంధ్యవేళ కృష్ణ బాగా పోతుందట. ఇప్పటికి ఆ ఒక్క బొమ్మే తొమ్మిదిసార్లు వేశారు. రొయ్యల మేత వ్యాపారి ఒకాయన కొత్త ఇంటికి రెండు కావాలన్నాడు, అయితే ఒకదాంట్లో సూర్యుడు ఎడమవైపు వుండాలట, ద్వారబంధానికి అటూ ఇటూ పెట్టుకోవడానికి. “పెట్టానండి. తూర్పైతే మాత్రం ఆయనకేం పోయింది, నాకేం పోయింది?” అన్నారు. దేవుళ్ళు వేయమని అడుగుతారు, వేయరు. దేవుళ్ళు క్యాలెండర్లో ఉచితంగా వస్తారు గనుక వాటికి ధర కట్టినా ఎవరూ ఇవ్వరని ఆయన లెక్క.

అన్ని బొమ్మలూ చూశాను గాని, ఒకటి చూడలేదని అప్పుడు గమనించాను. ఎడమగోడమీద, కిటికీ పక్కన, ఒక బొమ్మ వెనక్కు తిరిగి వున్నది. అంటే బొమ్మ గోడవైపు, పాత బోర్డు మనవైపు. ఎర్ర అక్షరాల్లో సగం తెగిన మాట: ‘...మరియు ఐసు దొరకును’. చేపతోక ఒంపుతో సహా.

“అదేమిటి?” అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “పదకొండైతే తిప్పుతారు లెండి,” అన్నారు ఆర్టిస్టుగారు.

అది ఉప్పెన బొమ్మ.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ దివిసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ రోజు తుఫాను గాలితోపాటు సముద్రం ఇరవై అడుగుల ఎత్తున లేచి ఊళ్ళమీదికి వచ్చింది. సొర్లగొంది వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఇంటికొకరు కాదు, కొన్ని ఇళ్ళకు ఒక్కరు కూడా మిగలలేదు. ఎంతమంది పోయారో లెక్క వేలల్లో చెబుతారు. కృష్ణ సీమకు ఇది మొదటిది కాదు: 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేలమంది పోయారని చరిత్ర. అయితే అది పుస్తకంలో వున్నది. ఇది ఎదురుగా టీ తాగుతున్న మనిషి జ్ఞాపకంలో వున్నది.

ఆర్టిస్టుగారికి అప్పుడు పన్నెండేళ్ళు. మర్నాడు తెల్లవారి తాను చూసిందే వేశానన్నారు. వేసి హోటలుకు తెచ్చి కిటికీ పక్క తగిలించారు. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు. తరువాత యజమాని గమనించాడు: ఆ బల్లదగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. దీవులనుంచి పొద్దున్నే పంటు దిగి వచ్చే పెద్దవాళ్ళు లోపలికి వస్తూనే దాన్ని చూసి, టీ బయటే ఇమ్మంటున్నారు. ఒక ముసలాయన ఇడ్లీ సగంలో వదిలేసి లేచి వెళ్ళాడు.

“బాబాయ్, ఇది తినేచోటు. తీసెయ్యి అన్నానండి,” అన్నాడు యజమాని. “తప్పా?”

“గుళ్ళో పెట్టనివ్వరు, బళ్ళో పిల్లలు జడుసుకుంటారన్నారు, పంచాయతీ ఆఫీసులో గోడ ఖాళీ లేదు. మరెక్కడ పెట్టనురా అన్నాను,” అన్నారు ఈయన. “తప్పా?”

నన్ను తీర్పు చెప్పమన్నట్టు ఇద్దరూ చూశారు. నేను పెసరట్టుమీద దృష్టి పెట్టాను.

రెండు నెలలు ఇద్దరికీ మాటలు లేవట. పదకొండు బొమ్మలు గోడమీదే వున్నవి, పన్నెండోది వంటింట్లో బియ్యం బస్తాల వెనుక. చిక్కు ఎలా విడిపోయిందంటే, ఎవరూ అనుకోని వైపునుంచి. ఊరికి కొత్తగా వచ్చిన ఒక పెద్ద వ్యాపారి బియ్యం బస్తాల వెనుక ఆ బొమ్మను చూసి, తన గెస్టుహౌసులో పెట్టుకుంటాను, అయిదువేలిస్తానన్నాడు. యజమాని సంతోషించాడు. బాబాయికి డబ్బూ వస్తుంది, తనకు పీడా వదులుతుంది. ఆ రాత్రి ఇంట్లో చెబితే తల్లి ఒప్పుకోలేదు. ఆమె పెద్దన్నగారి కుటుంబం ఆ ఉప్పెనలో పోయింది. ఆమె ఆ బొమ్మను ఒక్కసారి కూడా చూడలేదు, చూడనని కూడా చెప్పింది. కాని, “మన ఊళ్ళో వుండనీరా. గెస్టుహౌసులో ఏం చేసుకుంటారు దాన్ని?” అన్నదట. అంతే.

మర్నాడు యజమానే బొమ్మ కొన్నాడు. కొన్న తరువాత ఒప్పందం ఇది: టిఫిను వేళ, అంటే తెల్లవారుజాము అయిదునుంచి పదకొండుదాకా, బొమ్మ గోడవైపు. పదకొండునుంచి రాత్రి మూసేదాకా మనవైపు. మధ్యాహ్నం టీకి వచ్చేవారు వేరే జనం, తీరిక జనం; చూడదలచినవారు చూస్తారు. ఈ సంగతి ఊరందరికీ తెలిసి, కావాలని పదకొండు తరువాత వచ్చేవారున్నారు, పదకొండు లోపలే వచ్చి పోయేవారున్నారు. ఇడ్లీ సగంలో వదిలేసిన ముసలాయన రెండో రకమే. అయితే ఒక్క నవంబరులో మాత్రం ఒకసారి మధ్యాహ్నం వచ్చి, ఆ బల్లదగ్గరే కూర్చుని, రెండు టీలు తాగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళాడట.

పదకొండుకు సప్లయరు కుర్రాడు బల్లలు తుడిచి, కిటికీ పక్కకు వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని బొమ్మను తిప్పాడు.

శవాలు వుంటాయనుకున్నాను. లేవు. బొమ్మలో ముప్పాతికపాలు నీరు, కదలని నీరు, మిగతా బొమ్మల్లో ఎక్కడా లేని బూడిదరంగు నీరు. దూరాన వరుసగా ఒరిగిన తాటిచెట్లు. ఒక చెట్టు మట్టల్లో ఎర్రచీర కొంగు చిక్కుకుని వుంది. ఆకాశం మాత్రం చాలా శుభ్రంగా, నీలంగా వుంది.

“మర్నాడు ఎండ బాగా కాసిందండి,” అన్నారు ఆర్టిస్టుగారు. “అదే నాకు కోపం.”

చాలాసేపు చూశాను. కుర్రాళ్ళు ఇద్దరు టీ గ్లాసులతో వచ్చి పక్కన నిలబడి, ఆ చెట్లు ఏ ఊరివని వాదించుకున్నారు. ఒకడు గుల్లలమోద అన్నాడు, ఒకడు కాదన్నాడు. ఆర్టిస్టుగారు ఇద్దరికీ జవాబు చెప్పలేదు.

బస్సు వేళయింది. నేను పీతలబుట్ట మనిషి బొమ్మ కొన్నాను. వెయ్యి రూపాయలు గల్లాలో వేశాను. కుర్రాడు మేకునుంచి దించి, పాత వార్తాపత్రికలో చుట్టి, జనపనారతో కట్టి ఇచ్చాడు. విప్పి చూస్తేగాని దాని వెనుక ఏ కొట్టు బోర్డు వున్నదో తెలియదు.

ఉప్పెన బొమ్మ ఎంతకు కొన్నావని యజమానిని అడిగాను. మూడువేలు. వ్యాపారి ఇస్తానన్న అయిదువేలు ఇవ్వబోతే బాబాయి పుచ్చుకోలేదట. చీటీమీద రాసిన ధరే ధర అన్నాడట. అదీ రొక్కంగా కాదు. రోజుకు నలభై రూపాయల టిఫిను, కాఫీ బాబాయి పద్దులో చెల్లు. యజమాని అరువు పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలుపెట్టి చూపించాడు. అరవై మూడు రోజులు చెల్లినవి. ఇంకా పన్నెండు రోజులు, నాలుగువందల ఎనభై రూపాయలు, బాకీ వుంది.